శ్రీకాకుళం వైపు రెండేళ్ల ఎంబీఏ: క్లాస్‌మేట్ల సంగతి

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో ర్యాంకు రాగానే అందరూ కాలేజీ బిల్డింగు, ఫీజు, ప్లేస్‌మెంట్ బ్రోచరు చూస్తారు. మనతో పాటు బెంచీ మీద కూర్చోబోయేదెవరో ఎవరూ అడగరు. నాలుగు సెమిస్టర్లూ చివరిదాకా చదివినవాళ్ల మాట ఒకటే: పాఠం లెక్చరర్ దగ్గర సగం వస్తే, మిగతా సగం క్లాస్‌మేట్ల దగ్గర వస్తుంది. ఆ రెండో సగం దానంతటది రాదు. ఫ్రెషర్స్ డే డాన్సుల్లో, సెల్ఫీల్లో పుట్టిన స్నేహాలు మొదటి ఇంటర్నల్ పరీక్ష దాకా కూడా నిలవవు. కలిసి పని చేసిన గ్రూపు మాత్రం నిలుస్తుంది. ఈ సమీక్షంతా ఆ గ్రూపు గురించే.

మన వైపు క్లాసులో బీకాం, బీఎస్సీ, బీటెక్, అక్కడక్కడ బీఏ వాళ్లుంటారు. ఇద్దరు ముగ్గురు ఎక్కడో ఉద్యోగం చేసి, మానేసి వచ్చినవాళ్లు. వాళ్లని మొదటి రోజునుంచే అందరూ ‘అన్నా’, ‘అక్కా’ అంటారు. మిగతావాళ్లంతా నెల తిరక్కుండా ‘బావా’, ‘ఒరే’ల్లోకి దిగిపోతారు. చదివొచ్చిన డిగ్రీలు వేరు కావడమే ఈ క్లాసుకి అసలు బలం. దాన్ని వాడుకోవడం తెలియక మొదటి సెమిస్టరు పాడు చేసుకునేవాళ్లే ఎక్కువ. బీకాం వాళ్లు బీకాం వాళ్లతో, ఇంజినీర్లు ఇంజినీర్లతో కూర్చుంటే అందరికీ వచ్చిందే వస్తుంది, రానిది ఎవరికీ రాదు.

ఉదాహరణకి అకౌంట్స్. బీటెక్ వాడు ఫైనల్ అకౌంట్స్‌లో ఆగిపోయేది ఎప్పుడూ ఒకే చోట, అడ్జస్ట్‌మెంట్ల దగ్గర. చెల్లించాల్సిన జీతాలు లెక్క కింద విడిగా ఇస్తే రెండు చోట్ల చూపాలి: ఖర్చుకి కలపాలి, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు రాయాలి. అదే అంకె ఖాతాల నిల్వల పట్టీ అయిన ట్రయల్ బ్యాలెన్స్‌లోనే ఉంటే ఖర్చు జోలికి పోకూడదు, బ్యాలెన్స్ షీట్‌లో ఒక్కచోటే రాయాలి. ఈ ఒక్క ముక్క తెలియక షీటు కలవదు, కలవలేదని కంగారులో కలిసినవి కూడా కొట్టేస్తారు. బీకాం చదివినవాడు దీన్ని పది నిమిషాల్లో చెప్పేస్తాడు. అదే బీకాం వాడు ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ లెక్క (సరుకు తక్కువ ఖర్చులో ఎక్కణ్నుంచి ఎక్కడికి పంపాలో తేల్చేది) దగ్గర చేతులెత్తేస్తాడు. సప్లై, డిమాండు సమానం కానప్పుడు తేడాని సరిచేసే డమ్మీ వరస కలపడం మర్చిపోయి, మొదటి జవాబు తీసే వోగెల్ పద్ధతి మొదలెడతాడు, లెక్క తేలదు. ఇక్కడ ఇంజినీరు చెప్పాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఇలా కుదిరితే వేరే ట్యూషన్ అక్కర్లేదు.

గ్రూపుకి నలుగురు సరిపోతారు. ముగ్గురైతే ఒకరు ఊరెళ్లగానే పని ఆగుతుంది. ఐదుగురైతే ఒకరు కచ్చితంగా మొహం చాటేస్తారు. ఆ ఐదో వాడు ఎవరో మూడో వారానికల్లా అందరికీ తెలుస్తుంది గానీ మొహమాటానికి ఎవరూ అనరు. నలుగురిలో అకౌంట్స్ వచ్చినవాళ్లొకరు, లెక్కలు వచ్చినవాళ్లొకరు, ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడేవాళ్లొకరు ఉండాలి. నాలుగో మనిషి ఊళ్లో ఉండేవాళ్లైతే మంచిది. ప్రింటు, బైండింగు, ఆఫీసులో సంతకం పనులన్నీ చివరికి వాళ్ల మీదే పడతాయి. ఆ చాకిరీకి బదులు వాళ్లని రాత పనిలోంచి తప్పించాలి. ఈ చిన్న లెక్క ముందే మాట్లాడుకోకపోవడం వల్లే సెమిస్టరు చివర్లో ముఖాలు ముడుచుకుంటాయి.

ప్రెజెంటేషన్లలో ఒకటే జబ్బు. పది నిమిషాలిస్తే అందరికీ మార్కులు రావాలని తలా రెండున్నర నిమిషాలు పంచుకుంటారు. మైకు చేతులు మారడానికే నిమిషంన్నర పోతుంది, చివరివాడి దగ్గరికొచ్చేసరికి ‘టైమైపోయింది, చాలు’ అంటారు. ఇద్దరు మాట్లాడి, ఇద్దరు ప్రశ్నలకి జవాబులివ్వాలి. ప్రశ్నల వంతు వచ్చినవాళ్లకే ఎక్కువ తయారీ కావాలి కాబట్టి దాన్ని మొహమాటస్తులకి అంటగట్టకండి. రిహార్సల్ తెలుగులో చేసుకుని విషయం పట్టుబడ్డాక ఇంగ్లీషులోకి వెళ్లినవాళ్లు స్లైడు చూసి చదవరు. ముందే ఇంగ్లీషు బట్టీ పట్టినవాళ్లు ఒక్క మాట మరిస్తే అక్కడే ఆగిపోతారు.

క్లాసు రెండు ముక్కలయ్యేది బస్సుల వల్ల. పలాస, టెక్కలి, నరసన్నపేట నుంచి రోజూ వచ్చేవాళ్లు శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగి ఇంకో బస్సు ఎక్కాలి. రాజాం వైపువాళ్లు చిలకపాలెం జంక్షన్లో దిగాలి. హైవే పక్క కాలేజీ అయితే సాయంత్రం ఆటో కోసం నిలబడాలి. వాళ్లకి సాయంత్రం ఉండదు. రూముల్లో, హాస్టల్లో ఉండేవాళ్లకి రోజు మొదలయ్యేదే సాయంత్రం. ‘రాత్రి తొమ్మిదికి కూర్చుందాం’ అని రూము వాళ్లు అంటారు, అప్పటికి బస్సు వాళ్లు ఇంటికెళ్లి అన్నం తింటుంటారు. గ్రూపు పనికి భోజనాల వేళే అసలు సమయం. బాక్సులు ముందేసుకుని ముప్పావు గంట కూర్చుంటే అయ్యే పని, రాత్రి వాట్సాప్ కాల్లో రెండు గంటలైనా అవ్వదు. ఇది నమ్మకం లేనివాళ్లు ఓ వారం రెండూ చేసి చూడొచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు. రోజూ వచ్చే అమ్మాయిలకి ఇది పెద్ద ఊరట. ప్రాజెక్టు పనికి గ్రూపు బయల్దేరేటప్పుడు నాన్‌స్టాప్ కాకుండా ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే సగం గ్రూపుకి చార్జీ ఉండదు. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. మగపిల్లలకి పాత పాసే గతి.

రూము సంగతి క్లుప్తంగా: ముగ్గురు ఉండే రూములో అద్దె గొడవ రాదు, కరెంటు బిల్లు, గ్యాసు, వంట వంతుల మీద వస్తుంది. బియ్యం ఇంటి నుంచి తెచ్చేవాళ్లు, తేనివాళ్లు ఉంటే కిలో లెక్క కట్టి నెలాఖరుకి సరిచేసుకోవాలి. ‘ఆ మాత్రం దానికి ఏటిరా’ అని వదిలేసిన లెక్కే ఆరో నెలకి రూము ఖాళీ చేయిస్తుంది.

అసలు పరీక్ష ప్రాజెక్టు. రిపోర్టు ఎవరికి వారే రాయాలి కానీ డేటా పని గ్రూపుగా తిరిగితేనే అవుతుంది. ఈ ఒక్క విషయంలో హైదరాబాద్ కాలేజీల కంటే మన జిల్లాలే నయం. గంట, గంటన్నర ప్రయాణంలో పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, పైడిభీమవరం ఫార్మా, నెల్లిమర్ల జనపనార, ఎటు చూసినా రైసు మిల్లులు. ఇన్ని ఉండగా ఎక్కడో ఉన్న కార్ల కంపెనీ వార్షిక నివేదిక దించుకుని రేషియోలు కట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఫైనాన్స్ తీసుకున్నవాళ్లకి పలాస మంచి బడి. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పండే జీడిపిక్కలు ఎండాకాలంలో, 80 కిలోల బస్తా లెక్కన అమ్ముడవుతాయి. ఫ్యాక్టరీవాళ్లు ఆ సీజన్లో సరుకు కొని పెట్టుకుంటారు, చాలనప్పుడు ఆఫ్రికా పిక్కలు తెప్పిస్తారు. ఉడకబెట్టడం, కోత, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు అయ్యాక పప్పు ఏడాది పొడవునా అమ్ముతారు. అంటే డబ్బంతా వేసవిలో గోడౌన్లో చిక్కుకుపోతుంది. ఇప్పుడు రేషియో కట్టండి. బ్యాలెన్స్ షీట్ మార్చి 31ది. అప్పటికి పాత సరుకు అడుగంటి, కొత్త పంట కొనుగోళ్లు ఊపందుకోకముందు తీసిన అంకె అది. ప్రారంభ నిల్వా తక్కువే, ముగింపు నిల్వా తక్కువే. రెండింటి సగటు పట్టుకుని ఇన్వెంటరీ టర్నోవర్ (ఏడాదిలో సరుకు ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క) కడితే సరుకు జోరుగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి జూన్ నెలలో బ్యాంకు వడ్డీ వాళ్ల పీకల మీద ఉంటుంది. అందుకే నెలాఖరు నిల్వలు పన్నెండూ అడగాలి.

యజమాని రూపాయల్లో చెప్పడు. ‘మా లెక్కలు మీకెందుకు బాబూ’ అంటాడు, అది న్యాయమే. బస్తాల్లో అడగండి, చెబుతాడు. బస్తాలు, రోజులు తెలిస్తే చాలు, ధర బజారులో దొరుకుతుంది. డబ్ల్యూ-320 గ్రేడు అంటే పౌను బరువుకి 300 నుంచి 320 పప్పులని, అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దదని, ధర ఎక్కువని తెలుసుకుని వెళ్తే మాట కలుస్తుంది. ఇంకోటి: పాత అంకెలు తీస్తే 2018 దగ్గర జాగ్రత్త. ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. తర్వాతి ఏళ్ల స్థానిక దిగుబడిని అంతకుముందు వాటితో నేరుగా పోలిస్తే వైవాలో, అంటే ప్రాజెక్టు మీద నోటి పరీక్షలో, దొరికిపోతారు.

కార్మికుల అభిప్రాయాలు సేకరించాల్సిన హెచ్‌ఆర్ వాళ్ల దారి పైడిభీమవరం ఫార్మా కంపెనీల వైపు. కాలేజీ లెటరు మీద హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం, స్టాంపు, తేదీలు, నలుగురి పేర్లు ఉండాలి. ఒక్క పేరు లేకపోయినా ఆ ఒక్కరు గేటు బయటే. ఉత్పత్తి విభాగాల్లోకి ఫోను రానివ్వరు కాబట్టి గూగుల్ ఫారం పనికిరాదు, కాగితాలే తీసుకెళ్లాలి. ప్రశ్నలు తెలుగులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండగా కాగితాలు పంచకూడదు. పంచితే ఐదు గడుల్లో మధ్య గడికే అందరూ టిక్కు పెడతారు, ‘ఏమీ చెప్పలేను’ అని. నూరు కాగితాలు నింపుకొచ్చి ఇంటికెళ్లి చూస్తే తెల్ల కాగితంతో సమానం. షిఫ్టు మారే వేళ, మధ్యాహ్నం రెండింటికి, కంపెనీ బస్సుల దగ్గరో టీ కొట్టు దగ్గరో కూర్చుంటే నిజం రాస్తారు. కాంట్రాక్టు వాళ్లవి, పర్మనెంటు వాళ్లవి కాగితాలు వేరే గుర్తుతో పెట్టుకోవాలి, తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చూసే కైస్క్వేర్ పరీక్ష కట్టేటప్పుడు గడిలో రావాల్సిన సంఖ్య ఐదు కంటే తక్కువుంటే పక్క గడితో కలపాలి. ఇది వైవాలో దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న.

ఈ తిరుగుడులోనే మనుషులు తెలుస్తారు. ఎండలో గేటు దగ్గర గంట నిలబెట్టినప్పుడు ఎవరు విసుక్కుంటారు, ఎవరు వాచ్‌మన్‌తో మాట కలిపి లోపలికి కబురు పంపుతారు అన్నది క్లాసులో కనబడదు. వాచ్‌మన్‌తో మాట కలిపినవాళ్లకే తర్వాత సేల్స్‌లో, హెచ్‌ఆర్‌లో రాణింపు.

విద్యార్థులే జరిపే మేనేజ్‌మెంట్ మీట్‌లో డబ్బు గొడవలకి కారణం ఒకటే. బట్టల షాపులు, బైకు షోరూములు, కోచింగ్ సెంటర్లు స్పాన్సర్ చేస్తామంటాయి, కానీ ఫ్లెక్సీ కట్టిన ఫొటో చూశాకే డబ్బిస్తాయి. సౌండు వాడికి, భోజనాల వాడికి మాత్రం ముందే అడ్వాన్సు కావాలి. ఈ మధ్య ఖాళీని ఎవరో ఒకరు ఇంటి డబ్బుతో పూడుస్తారు, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఒప్పుకున్న స్పాన్సర్ సొమ్ముని చేతిలో ఉన్నట్టు లెక్కపెట్టకూడదు. తలకింత చందా ముందే వసూలు చేసి, ఖర్చు అందులోనే పెట్టి, స్పాన్సర్ డబ్బొస్తే చందా వెనక్కివ్వాలి. ఖాతా ఇద్దరి చేతిలో ఉండాలి, ఒకరు డే స్కాలరు, ఒకరు హాస్టలు.

ప్లేస్‌మెంట్లు ఈ స్నేహాలకి కష్టకాలం. విశాఖలో పూల్ డ్రైవ్ (చాలా కాలేజీలకి కలిపి పెట్టే ఎంపికలు) ఉందని తెలిసినవాడు చివరి రోజుదాకా చెప్పడు. దాచి లాభం లేదు, వందలమంది వచ్చేచోట నలుగురు పెరిగితే పోయేదేమీ ఉండదు. వచ్చేవి ఎక్కువగా బ్యాంకు సేల్స్, బీమా, మైక్రోఫైనాన్స్, రిటైల్ కొలువులు. ఆఫర్ లెటరు నలుగురూ కలిసి చదవాలి. సీటీసీ, అంటే మన మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు, 3,00,000 అని ఉందనుకోండి. అందులో టార్గెట్ మీద ఇచ్చేది 60,000, కంపెనీ పీఎఫ్ వాటా నెలకి 1,800 చొప్పున 21,600 తీసేస్తే మిగిలేది 2,18,400, నెలకి 18,200. మన పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 150 పోతే చేతికొచ్చేది 16,250. విశాఖలో రూము అద్దె, పెట్రోలు దీంట్లోంచే. ఈ లెక్క కట్టకుండా ఇంట్లో ‘నెలకి పాతికవేలు’ అని చెప్పేసినవాళ్లు తర్వాత మాట మార్చుకోలేక అవస్థ పడతారు.

బాగాలేనివి కూడా ఉన్నాయి. ఎలక్టివ్‌కి సరిపడా తలలు లేకపోతే ఆ సబ్జెక్టే తెరవరు, మార్కెటింగ్ కోసం వచ్చినవాళ్లు హెచ్‌ఆర్‌లో కూర్చోవాల్సి వస్తుంది. చేరేముందే గత రెండేళ్లలో ఏ స్పెషలైజేషన్లు నడిచాయో సీనియర్లని అడగండి, ఆఫీసులో అడిగితే అన్నీ ఉన్నాయంటారు. సిరిమానోత్సవం వారంలో విజయనగరం వైపువాళ్లు, రథసప్తమికి అరసవల్లి చుట్టుపక్కలవాళ్లు క్లాసుకి రారు, గ్రూపు గడువులు ఆ రోజుల్లో పెట్టుకోకండి. ఉద్యోగం చేస్తూ పరీక్షలకి మాత్రమే వద్దామనుకునేవాళ్లకి రెగ్యులర్ సీటు దండగ, దూరవిద్యలో చేరితే ఫీజూ కలిసొస్తుంది, హాజరు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు.