ప్రేరణ, స్ఫూర్తి, ప్రోద్బలం, ఉత్ప్రేరకం: ఏది మేలు?

"నేను రాయడానికి ఆయన మాటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. తర్వాత ఏం వేయాలి? ప్రేరణా, స్ఫూర్తా, ప్రోద్బలమా? ఏది వేసినా విషయం అర్థమవుతుంది. కాకపోతే ఒక్కోసారి మెచ్చుకోబోయి నింద వేసినట్టవుతుంది.

ప్రోద్బలంతోనే ఆ చిక్కు. "ఎవరి ప్రోద్బలంతో ఈ ఫిర్యాదు చేశావు?" అన్న ప్రశ్నలోనే తెర వెనక ఎవరో ఉన్నారన్న అనుమానం ఉంది. "గురువుగారి ప్రోద్బలంతో కవిత్వం మొదలుపెట్టాను" అనడం తప్పేమీ కాదు. ఇవాళ్టి చెవికి మాత్రం గురువుగారు వెంటపడి రాయించారేమో అనిపిస్తుంది. మంచి పనికి నేనైతే ఈ మాట వాడను.

స్ఫూర్తి అలా కాదు. స్ఫురించడం, అంటే లోపల తళుక్కుమనడం, దాని మూలం. ఇచ్చేవాళ్లకు తాము ఇస్తున్నట్టు తెలియనక్కర్లేదు. ఎప్పుడో పోయిన మనిషి నుంచి కూడా పొందవచ్చు. చెడ్డ పనికి అతకదు, దొంగతనానికి స్ఫూర్తి అంటే వెటకారమే. పైగా దీనికి ఇంకో ఉద్యోగం ఉంది: క్రీడాస్ఫూర్తి, రాజ్యాంగ స్ఫూర్తి అన్నప్పుడు మొదలుపెట్టించడం అనే అర్థమే లేదు, అక్కడ అది అసలు ఉద్దేశం, ఆత్మ లాంటిది.

వీటిలో ఎక్కువ బరువు మోసేది ప్రేరణ. 'ప్ర'కి 'ఈరణ' చేరితే ప్రేరణ. ఈరణ అంటే కదిలించడం. గాలిని సమీరం అనేదీ ఈ ధాతువుతోనే. ఈ మాటకు మంచీ చెడూ తేడా లేదు. మంచి పనికీ ప్రేరణ ఉంటుంది, ఆత్మహత్యకు ప్రేరేపించారని కేసూ పెడతారు. భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ ఉంది. 1831లో ఫారడే చూపించింది అదే: తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే, తీగను తాకకుండానే అందులో కరెంటు పుడుతుంది. కదపడం ఆపితే కరెంటూ ఆగుతుంది. వ్యాకరణంలోనూ ప్రేరణే: చేయు, చేయించు, నవ్వు, నవ్వించు. పని చేసేది ఒకరు, చేయించేది ఇంకొకరు.

ఇక ఉత్ప్రేరకం. "ఆ ఒక్క సంఘటనే ఉద్యమం పుట్టడానికి ఉత్ప్రేరకం" అని రాస్తుంటారు. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, రసాయనశాస్త్రం ఒప్పుకోదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తనంతట తానే మెల్లగా విడిపోతుంది. మాంగనీస్ డయాక్సైడ్ కలిపితే ఆ విడిపోవడం జోరందుకుంటుంది, చివరికి మాంగనీస్ డయాక్సైడ్ ఖర్చు కాకుండా మిగులుతుంది. అంటే అప్పటికే సాగగల మార్పును వేగం చేసేదే ఉత్ప్రేరకం. రాజుకుంటున్న ఉద్యమం ఊపందుకుందని చెప్పాలంటే వాడొచ్చు. పుట్టుకకు కారణమని చెప్పాలంటే ప్రేరణే నయం, లేదా నాంది.

ట్రిగ్గర్ కూడా ఉంది. తలనొప్పికో కోపానికో సరే, కృతజ్ఞత చెప్పేచోట మాత్రం తుపాకీ గుర్తొస్తుంది.

మొదట ఆగిపోయిన వాక్యంలో చివరికి ఈ నామవాచకాలు ఏవీ వేయలేదు. చేయించు, నవ్వించులలోని 'ఇంచు' ఉండగా అవెందుకని "ఆయన మాటే నాచేత రాయించింది" అని మార్చేశాను.