డయల్ మీద 660 అడుగులు, అద్దం లోపల ఆవిరి

రోలెక్స్ సబ్‌మెరైనర్ 5513 గురించి పాత వాచీలు సేకరించేవాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 1962 నుంచి 1980ల చివరిదాకా వచ్చిన డైవింగ్ వాచీ మోడల్, తేదీ గడి ఉండదు, అంతే. నాది మా మావయ్య ఇచ్చింది. ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరు, 1978లో సింగపూర్‌లో కొన్నారు. తొమ్మిదేళ్ళుగా నా చేతికే ఉంది. నా దగ్గరున్న నాలుగు పాత స్పోర్ట్స్ వాచీల్లో రోజూ పెట్టుకునేది ఇదొక్కటే.

మొదట్లో అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: ఇది సముద్రం కోసం పుట్టిన వాచీ, విశాఖలో ఉండేవాడికి ఇంతకంటే తగినది లేదు. ఆ మాట ఇప్పుడు అలా చెప్పను. డయల్ మీద రాసిన 660 అడుగుల లోతు వాచీ కొత్తగా ఉన్ననాటి లెక్క. నీళ్ళను ఆపేది స్టీలు ఒక్కటే కాదు, మూత కింద, కీ దగ్గర ఉండే సన్నని రబ్బరు గాస్కెట్లు. రబ్బరుకు వయసొస్తుంది.

కిందటేడు సెప్టెంబరులో జరిగింది ఇది. లాసన్స్ బే నుంచి బీచ్ రోడ్డు మీదుగా బండి మీద సిరిపురం ఆఫీసుకి వెళ్ళాను. సన్నగా తుంపర, ఒళ్ళంతా జిడ్డు. ఏసీలో కూర్చున్న పది నిమిషాలకు టైమ్ చూస్తే, అద్దం మీద నాలుగు, ఆరు గంటల గుర్తుల మధ్య పల్చగా ఆవిరి. కర్చీఫ్‌తో తుడిచాను. పోలేదు. లోపలుంది! గుండె జారిపోయింది. చెమ్మగాలి ముందే లోపలికి చేరితే, ఏసీకి అద్దం చల్లబడగానే ఇలా కనబడుతుంది. అంతకు మూడు నెలల ముందే ఒకచోట సర్వీసు చేయించాను. గాస్కెట్లన్నీ మార్చామని చెప్పి డబ్బులు తీసుకున్నారు.

బియ్యం డబ్బాలో పెట్టమని పక్క సీటాయన అన్నాడు. బిగించిన మూత లోపలి తడిని బియ్యం ఎలా లాగుతుంది? సగం రోజు సెలవు పెట్టి పూర్ణా మార్కెట్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన ముందు రబ్బరు బంతిని వెనక మూతకు అదిమి తిప్పి చూశారు. మూత వచ్చేసింది.

"బాబూ, దీనికి పళ్ళ పనిముట్టు పెట్టి గట్టిగా తిప్పితే గానీ రాకూడదు. బంతికే వచ్చిందంటే, ఎవరో బిగించకుండా వదిలేశారు" అన్నారు. గాస్కెట్ తీసి నా అరచేతిలో పెట్టారు. పాతదే. వంచితే పుటుక్కున విరిగింది. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. రబ్బరు ముక్కకు ఎంత ఖర్చవుతుంది?

అదృష్టంకొద్దీ మెషీన్ బాగానే ఉంది, ఒక్క స్క్రూ తల మీద తుప్పు చుక్క. కానీ నిమిషాల ముల్లు మీద చీకట్లో వెలగడానికి వేసిన ట్రిటియం పూతలో నల్లని మచ్చ పడింది. కొత్త పూత వేస్తానన్నారు పెద్దాయన. వద్దన్నాను. ట్రిటియం పన్నెండేళ్ళు దాటేసరికి సగమైపోతుంది కాబట్టి చీకట్లో ఇది ఎప్పుడో వెలగడం మానేసింది. అయినా డయల్ చుక్కలు, ముళ్ళు కలిసి ముసలివై ఒకే మీగడ రంగుకు వచ్చాయి. అందులో ఒకటి కొత్తదైతే నా కంటికి మొహం మారిపోయినట్టే. సేకరించేవాళ్ళు మొదట చూసేది కూడా అదే.

టైమ్ తప్పదని కూడా ఇదివరకు పొగిడేవాణ్ణి. అది నిజమే, నూనె మార్పించినన్నాళ్ళూ. ఆరో ఏట వెనకబడడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ అద్దం మీద గీతలు మాత్రం పాలిష్‌తో పోతాయి, దానికి బెంగ లేదు.

కొనమంటానా? నాకు ఇది ఇంటి వస్తువు, వెలకట్టి చూడలేను. పైగా మా ఇల్లు సముద్రానికి ఐదు నిమిషాల దూరం, నేను రోజూ పెట్టుకుంటాను. పొడి ఊళ్ళో ఉండి, పండక్కీ పెళ్ళికీ తీసేవాళ్ళకు ఇంత టెన్షన్ ఉండకపోవచ్చు. రుషికొండలో ఈత కొట్టడానికైతే కొత్త డైవింగ్ వాచీ తీసుకోండి. ఇలాంటిది కొంటే మాత్రం మూత బిగించాక లోపలికి నీళ్ళు చొరబడతాయో లేదో చూసే ప్రెషర్ టెస్ట్ మీ కళ్ళముందే చేయించండి. నేను ఇప్పుడు ఏటా మే నెలలో, వానలకు ముందే చేయిస్తున్నాను.

మొన్న మావయ్యకు ఆ మచ్చ చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. "ఓడ మరమ్మతుకు డ్రైడాక్‌కు వెళ్ళినప్పుడల్లా దీని రబ్బర్లు మార్పించేవాణ్ణిరా. నీకిచ్చేటప్పుడు చెప్పడం మర్చిపోయాను" అన్నారు.