టాయ్ ట్రైన్ క్యూ వదిలేసి ఒంటి పట్టా రైలు చూడండి

ఢిల్లీ చాణక్యపురి రైలు మ్యూజియానికి పిల్లలతో వెళ్లేవాళ్లంతా చేసే పొరపాటు ఒకటే. గేటు దాటగానే టాయ్ ట్రైన్ వరసలో నిలబడతారు. ఆదివారమైతే పొద్దంతా అక్కడే. ఈలోగా ఎండకి పిల్లలు గునుస్తారు, పెద్దవాళ్లు నీడ వెతుక్కుంటారు, అసలైనది చూడకుండానే ఇంటిముఖం పడతారు.

అసలైనది పాటియాలా మోనోరైలు. 1907లో పాటియాలా సంస్థానంలో రోడ్డు వారన ఒకే ఒక్క పట్టా వేసి నడిపారు. ఇంజిను బెర్లిన్‌లోని ఓరెన్‌స్టైన్ కోపెల్ వాళ్లది. దగ్గర కూర్చుని, వంగి కిందికి చూడండి: మూడు చక్రాలూ ఒకదాని వెనక ఒకటి, మూడూ ఆ పట్టా మీదే. జారిపోకుండా చక్రానికి రెండువైపులా అంచు ఉంటుంది. ఒరిగిపోకుండా పక్కకి ఇంకో పెద్ద ఇనప చక్రం, అది మట్టిరోడ్డు మీద దొర్లేది. బరువు దాదాపు అంతా పట్టా మోస్తుంది కాబట్టి లాగడం తేలిక. అందుకే మహారాజు దగ్గరున్న కంచరగాడిదలు కూడా ఈ బండ్లు లాగాయి. మోటారు బండ్లు పెరిగాక 1927లో మూతపడింది. 1962లో మైక్ శాటో అనే ఆయన దీని ఆనవాళ్లు కనిపెట్టకపోతే పాత ఇనుము కిందే పోయేది. అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేశారు. రోజూ నడపరు, ఆశ పెట్టుకోకండి.

తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే వారి 815 నంబరు గారట్ రకం ఆవిరి ఇంజిను. మన వాల్తేరుని హౌరాతో కలిపిన కంపెనీ అదే. ఒక బాయిలరు, దాని ముందూ వెనకా చెరో ఇంజిను, మొత్తం 24 చక్రాలు. మూడు ముక్కలుగా ఉండబట్టే అంత పొడవున్నా మలుపుల్లో వంగుతుంది. నిప్పుపెట్టె లేని ఇంజినూ ఒకటుంది: ఫ్యాక్టరీ బాయిలరు నుంచి ఆవిరి నింపుకుని, అది అయిపోయేదాకా నడుస్తుంది. నిప్పురవ్వ పడితే ప్రమాదమున్న చోట్ల ఇదే గతి. మైసూరు మహారాజు సెలూను, అంటే ఆయన సొంత రైలు పెట్టె, కిటికీలోంచి చూసి వచ్చేయండి.

సోమవారం సెలవు. టికెట్టు మామూలు రోజుల్లో 50, శని ఆదివారాల్లో 100 రూపాయలు. మారుతుంటుంది, చూసుకుని వెళ్లండి. ఉదయం 10కి తెరవగానే వెళితే ఇనుము కాలకముందే ఆరుబయటి బండ్లన్నీ అయిపోతాయి. మధ్యాహ్నం భోజనానికి అశోకా రోడ్డు ఆంధ్రాభవన్. మీటరు వేయమంటే ఆటోవాళ్లు మొహం తిప్పుకుంటారు, రేటు ముందే తేల్చుకుని ఎక్కండి. ఆదివారం బిర్యానీకి జనం ఎగబడతారు, ఆకలి మీదున్న పిల్లలతో ఆలస్యంగా వెళ్లొద్దు.