సూర్యాపేటలో ఒంటరివాడికి గది దొరకదు

హైదరాబాద్ ఎల్బీ నగర్ నుంచి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దాకా, అంటే దాదాపు 270 కిలోమీటర్లు, 65వ నంబరు జాతీయ రహదారి వెంట ఆరు రోజుల్లో ఒంటరిగా పరుగెత్తాలని డిసెంబరులో బయలుదేరాను. తలసీమియా అనే జన్యుపరమైన రక్తవ్యాధి తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల గుండెలో, కాలేయంలో పేరుకునే ఇనుమును తొలగించడానికి జీవితాంతం మందులు వాడాలి. ఆ మందుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున విరాళాలు సేకరించడం నా ఉద్దేశం. సంస్థ ఖాతాకు నేరుగా డబ్బు చేరే క్యూఆర్ కోడ్‌ను చొక్కా వీపున పెద్దదిగా అచ్చు వేయించుకున్నాను.

మొదటి రెండు రోజులు మా బావమరిది సామాను పెట్టుకుని బైకు మీద వెంట వచ్చాడు. ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక టీ కొట్టు దగ్గర ఆగి నా కోసం ఎదురుచూడటమే అతని పని. చౌటుప్పల్ చేరేసరికి అతనికి నా మీద, టీ మీద సమానంగా విరక్తి కలిగింది. నార్కట్‌పల్లిలో సెలవు అయిపోయిందని చెప్పి, నా సంచి నాకు అప్పగించి వెనక్కి తిరిగాడు. ఆ రెండు రాత్రుల బస గురించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు. 900 ఒకచోట, 1,100 మరొకచోట, రెండుచోట్లా వేడినీళ్లు వచ్చాయి.

మూడో రోజు కొర్లపహాడ్ టోల్ ప్లాజా, మూసీ వంతెన దాటి, యాభై కిలోమీటర్ల పరుగు తరువాత, ఎడమ అరికాలిలో నిమ్మకాయంత నీటిబొబ్బతో సూర్యాపేటలో ముందే ఆన్‌లైన్‌లో 899 రూపాయలు కట్టి పెట్టుకున్న లాడ్జికి చేరాను. కౌంటరు వెనక ఉన్న మనిషి నా ఆధార్ కార్డు చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసి, ‘‘సింగిల్స్‌కు ఇవ్వం సార్’’ అన్నాడు. డబ్బు కట్టానని ఫోనులో చూపించాను. ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏదైనా అఘాయిత్యం చేసుకుంటే పోలీసుల చుట్టూ తిరగవలసింది తామేనని, అది యజమాని మాట అని, ఫ్యామిలీతో వస్తే తప్పకుండా ఇస్తామని మర్యాదగానే చెప్పాడు. చచ్చిపోదలచినవాడు హైదరాబాద్ నుంచి పరుగెత్తుకుంటూ సూర్యాపేట దాకా ఎందుకు వస్తాడని అడిగితే నవ్వాడు. నేను వెనుదిరిగేసరికి ‘‘ఒక్క నిమిషం సార్, అలాగే నిలబడండి’’ అని కేకేసి, నా వీపు మీద కోడ్‌ను స్కాన్ చేసి, 51 రూపాయలు పంపాడు. గది మాత్రం ఇవ్వలేదు.

కుంటుకుంటూ మరో రెండు లాడ్జీలు తిరిగాను. మూడోచోట 1,400 తీసుకుని, గీజరు పాడైందని బకెట్టు వేడినీళ్లకు విడిగా 30 రూపాయలు వసూలు చేసి, దుప్పటి మార్చమంటే ‘‘నిన్ననే మార్చాం’’ అన్నారు. ఆ రాత్రి ఫోనులో నా భార్య ‘‘నేను చెప్పలేదా’’ అనలేదు; కాసేపు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంది, అది ఇంకా కష్టంగా ఉంది. బుక్ చేసిన సంస్థ తొమ్మిది రోజుల తరువాత 150 కోసుకుని 749 తిరిగి ఇచ్చింది. ఒంటరిగా వెళ్లేవారు ఎంత మంచి రేటింగు చూసినా సరే, బయలుదేరే ముందు లాడ్జికే ఫోను చేసి ‘‘ఒక్కడినే వస్తున్నాను, ఇస్తారా’’ అని అడగనిదే పైసా కట్టవద్దు.

కోదాడలో 120 రూపాయల మెస్ భోజనం ఆ కసినంతా తీర్చింది. గోంగూర పచ్చడి మీద వేడి నెయ్యి వేసి, నేను అడగకుండానే మూడుసార్లు పప్పు వడ్డించి, నాలుగోసారి ‘‘మజ్జిగలో ఉప్పు ఎక్కువేసుకోండి, చెమట పట్టినోళ్లకి మంచిది’’ అని చెప్పిన పెద్దావిడ, మార్గమంతటిలో నాకు దొరికిన ఏకైక వైద్య సలహాదారు. అక్కడ లాడ్జి 1,000, నందిగామలో 950; ఇద్దరూ ఏమీ అడగలేదు.

ఈ దారిన పరుగెత్తదలచినవారు వాహనాలు ఎదురుగా కనిపించేలా కుడి అంచున వెళ్లాలి, సర్వీసు రోడ్డు ఉన్నచోట దాన్ని వదలకూడదు. రోడ్డు అంచు పల్లంగా ఉండటం వల్ల ఒకే మోకాలిపై భారం పడుతుంది. నాకు నాలుగో రోజు నుంచి అదే బాధ. బూట్లు అర సైజు పెద్దవి కొనండి. మరుగుదొడ్ల విషయంలో మాత్రం నాకు ఎదురైనవాటిలో టోల్ ప్లాజాలవే నయం, పైగా కాలినడకన వచ్చేవాడికి టోలు లేదు.

బస ఖర్చు అయిదు రాత్రులకు 5,350 నా జేబులోంచే పెట్టుకున్నాను. విరాళాలు 1,12,640 వచ్చాయి, అనుకున్నది లక్షన్నర. తిరుగు ప్రయాణంలో బస్సు సూర్యాపేటలో టీ కోసం ఆగింది. అందరూ దిగారు. నేను దిగలేదు, మోకాలు కూడా అందుకు ఒప్పుకోలేదు.