మేఘమథనం సేవ: వాన సంగతి వేరు, వడగళ్ల సంగతి వేరు

మేఘమథనం సేవలు అందించే ఒక సంస్థ పంపిన ప్రతిపాదనను చదివి, ఒక రైతు సంఘానికి నా అభిప్రాయం చెప్పవలసి వచ్చింది. వాన పెంచుతామని, వడగళ్ల వల్ల పంటకు కలిగే నష్టాన్ని తగ్గిస్తామని ఆ సంస్థ ఒకే ధరకు రెండు హామీలు ఇచ్చింది. రెండు పనులకూ అదే విమానం, దాని రెక్కలకు అమర్చిన అవే ఫ్లేర్లు, అంటే కాలుతూ సిల్వర్ అయోడైడ్ రేణువులను మేఘంలో చల్లే గొట్టాలు. అయితే ఆ హామీల వెనుక ఉన్న ఆధారాల బలం మాత్రం ఒకటి కాదు. కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మేఘమథనం బూటకమని కొట్టిపారేయడం సరికాదు. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు మేఘాల్లో ఉంటాయి. సిల్వర్ అయోడైడ్ స్ఫటికం అమరిక మంచు స్ఫటికాన్ని పోలి ఉండటం వల్ల, సుమారు మైనస్ 5 డిగ్రీలు, అంతకంటే చల్లని చోట దాని రేణువులను ఆధారం చేసుకుని మంచు ఏర్పడుతుంది, అది పెరిగి బరువెక్కితే వానగానో మంచుగానో కిందికి రాలుతుంది. 1946లో విన్సెంట్ షేఫర్ పొడి మంచుతో (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్‌తో), ఆ వెంటనే బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయోడైడ్‌తో ఈ మార్గాన్ని చూపించారు. 2017లో అమెరికాలోని ఐడహో కొండల మీద జరిగిన ప్రయోగంలో, విమానం వంకరటింకరగా తిరిగిన దారి వెంటే కొత్తగా పుట్టిన మంచు గీతలు రాడార్ తెరపై కనిపించాయి. మేఘంలో మార్పు వస్తుందనడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. కానీ రైతు డబ్బు చెల్లించేది మేఘంలో మార్పుకు కాదు, పొలంలో పడే నీటికి.

ఆ నీటి లెక్క దగ్గరే జాగ్రత్త కావాలి. ఇజ్రాయెల్‌లో 1960లలో జరిగిన మొదటి ప్రయోగంలో వాన సుమారు 15 శాతం పెరిగిందని తేల్చారు, దానిని నమ్మి దశాబ్దాల పాటు ఈ సేవను కొనసాగించారు. 2013 నుంచి 2020 వరకు మళ్లీ పకడ్బందీగా పరీక్షిస్తే తేలిన పెరుగుదల 1.8 శాతం మాత్రమే, అదీ యాదృచ్ఛికంగా రాగలిగినంత చిన్నది. మరోవైపు మహారాష్ట్రలోని షోలాపూర్ వద్ద, కొండలు అడ్డుపడి వాన తక్కువగా పడే వర్షచ్ఛాయ ప్రాంతంలో 2018, 2019 సంవత్సరాల్లో ఏ మేఘంపై చల్లాలో, దేన్ని వదిలేయాలో ముందే లాటరీ పద్ధతిలో నిర్ణయించి చేసిన ప్రయోగంలో, గాలి వాలున ఉన్న 100 చదరపు కిలోమీటర్ల మేర సగటున 18 శాతం పెరుగుదల కనిపించింది. కాబట్టి తగిన మేఘం దొరికితే కొంత ప్రయోజనం ఉండవచ్చు. కరువు ఏడాదిలో ఆ తగిన మేఘాలే కరువవుతాయి, ఈ సేవకు గిరాకీ పెరిగేది కూడా సరిగ్గా అప్పుడే.

వడగళ్ల విషయంలో వాదన వినడానికి చక్కగా ఉంటుంది. వడగల్లును అడ్డంగా కోసి చూస్తే ఉల్లిపాయలా పొర మీద పొర కనిపిస్తుంది. ఒక చిన్న గింజ చుట్టూ చల్లని నీరు పేరుకుంటూ అది పెరుగుతుంది. మేఘంలో గింజల సంఖ్య పెంచితే ఉన్న నీటినే అవన్నీ పంచుకుంటాయి, ఏ ఒక్కటీ పెద్దది కాలేదు, చిన్నవి దారిలోనే కరిగిపోతాయి అని సంస్థలు చెబుతాయి. అయితే స్విట్జర్లాండ్‌లో 1977 నుంచి 1981 వరకు, రాకెట్లతో మేఘంలోకి రేణువులను పంపే సోవియట్ పద్ధతితో, లాటరీ వేసి ఎంచుకున్న రోజుల్లో చల్లి చూసినప్పుడు, చల్లిన రోజులకూ చల్లకుండా వదిలిన రోజులకూ వడగళ్ల తాకిడిలో చెప్పుకోదగ్గ తేడా నిలబడలేదు. అంతకుముందు అమెరికాలోని కొలరాడోలో 1972 నుంచి 1974 వరకు జరిగిన జాతీయ ప్రయోగం కూడా ప్రయోజనాన్ని నిరూపించలేకపోయింది.

సంస్థ ప్రతిపాదనలో వీటి ప్రస్తావనే లేదు. ఉన్నదల్లా వడగళ్లు తగ్గించడానికి మేఘాలపై చల్లిన అమెరికా రాష్ట్రం నార్త్ డకోటా ఉదాహరణ. అక్కడ పంటల వడగళ్ల బీమా లెక్కలను పొరుగునే ఉన్న, చల్లడం జరగని తూర్పు మోంటానాతో పోల్చి, నష్టం 45 శాతం తగ్గిందని 1997లో ఒక పరిశోధన అంచనా వేసింది. దానిని నేను తేలికగా తీసుకోను. బీమా చేసిన మొత్తంలో పరిహారంగా ఎంత వెళ్లిందనే నిష్పత్తిని చూడటం మంచి పద్ధతే, ఎందుకంటే పరిహారం మొత్తాన్నే చూస్తే బీమా చేసుకున్న విస్తీర్ణం తగ్గిన ఏడాది నష్టమే తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అక్కడ లాటరీ లేదు. రెండు ప్రాంతాల మధ్య తేడా చల్లడం వల్ల వచ్చిందా, వాతావరణం వల్ల వచ్చిందా అన్నది ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు.

ఇంతకంటే నన్ను బాధించింది ఆ సంస్థ ప్రతిపాదనకు జతచేసిన ఒక గ్రాఫు. సేవ మొదలుకాకముందు కొన్నేళ్ల నష్టం, తరువాత కొన్నేళ్ల నష్టం పక్కపక్కన చూపించి, తగ్గుదలంతా తమ ఖాతాలో వేసుకున్నారు. రైతులు ఇటువంటి ఒప్పందానికి సిద్ధపడేది పంట దారుణంగా దెబ్బతిన్న ఏడాది తరువాతే. అంతటి చెడ్డ ఏడాది వెంటనే మళ్లీ రావడం అరుదు కనుక, ఎవరూ ఏమీ చల్లకపోయినా ఆపై నష్టం తగ్గినట్టే కనిపిస్తుంది. పైగా వడగళ్లు సన్నని పట్టీలా పడతాయి. ఒక గట్టుకు ఇవతల మొక్కజొన్న ఆకులు చీలికలై వేలాడుతుంటే, అవతలి చేను చెక్కు చెదరకుండా ఉంటుంది. అటువంటి చోట కొద్ది ఏళ్ల సగటుకు విలువ చాలా తక్కువ.

వడగళ్ల భాగానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని, ఆ సొమ్మును పండ్ల తోటలున్నవారు వడగళ్లను ఆపే వలలకు, మిగిలినవారు పంట బీమాకు వాడుకోవడం మేలని సంఘానికి రాశాను. వాన భాగాన్ని మాత్రం ప్రయత్నించవచ్చు. అయితే తగిన మేఘాలు కనిపించిన రోజుల్లో సగం రోజులు చల్లకుండా వదిలేయాలి, ఏ రోజు వదలాలో సంస్థ కాక లాటరీ నిర్ణయించాలి, వానమాపకాలు సంఘం చేతిలో ఉండాలి. సంస్థ మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది. డబ్బు తీసుకుని మంచి మేఘాన్ని వదిలేయడం రైతులకు అన్యాయమని వాదించింది. ఆ మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, ఫలితం ఇంకా రుజువు కాని సేవకు ఆ వాదన వర్తించదని బదులిచ్చాను. చర్చలు ప్రస్తుతానికి అక్కడే ఉన్నాయి. ఈలోగా సంఘం సభ్యులు తమ గట్ల మీద అల్యూమినియం రేకు చుట్టిన ఫోమ్ పలకలను అమర్చుకుంటున్నారు. వడగళ్లు పడిన ప్రతిసారీ వాటి మీద మిగిలే గుంతల వెడల్పును కొలిచి, తేదీతో సహా రాసి ఉంచుతారు.