కోర్టా, అసెంబ్లీయా? 1950ల వరంగల్ వకీలు ముందున్న రెండు దారులు

ఖర్చు: కోర్టుకు నల్లకోటు, సీనియర్ దగ్గర ఓపిక చాలు. ఎన్నికలంటే ఊరూరా తిరగాలి, చేతి డబ్బు పోతుంది.

శ్రమ: కోర్టులో ఒక రైతు పహాణీ (భూమి రికార్డు) నకలు ముందేసుకుని, సర్వే నంబరు మీద వేలు పెట్టి, పాత ఉర్దూ రాతను కూడబలుక్కుని చదవాలి. అసెంబ్లీలో అలాంటి వేలమంది కోసం చట్టమే రాయాలి. నా దృష్టిలో ఇదే పెద్ద పని.

రిస్కు: కేసు ఓడితే అప్పీలుంది, పదవికి లేదు. లక్నేపల్లిలో పుట్టిన పీవీ లా చదివి, వకీలు బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా చేసి, 1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు. ముఖ్యమంత్రిగా 1972లో ముల్కీ తీర్పుకు, అంటే తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకే చోటన్న నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు మాటకు, కట్టుబడ్డారు. దాంతో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం చెలరేగి 1973 జనవరిలో కుర్చీ పోయింది.

ఫీజుతోనే ఇల్లు గడవాలంటే కోర్టే. ఇంట్లో పొలం ఆసరా ఉండి, జనంలో తిరగడం ఇష్టమైతే అసెంబ్లీ.