స్లీప్ టెస్ట్ ‘నార్మల్’ అంటే నమ్మేయకండి: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు హెచ్చరిక

గురక, పగటిపూట నిద్రమత్తు ఉండి ఇంట్లోనే స్లీప్ టెస్ట్ చేయించుకుందామనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మా అన్నయ్యకి ఇంటి టెస్టులో ‘నార్మల్’ అని రిపోర్టు ఇచ్చారు. తర్వాత ల్యాబ్‌లో చూస్తే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు) తీవ్రంగా ఉందని తేలింది.

అన్నయ్యది నరసన్నపేట. హైవే మీద విశాఖ దాకా వ్యాను తోలుతాడు. రాత్రి గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయి, ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటున్నాడని వదిన ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. మడపాం టోల్‌గేటు దగ్గర లైన్లో బండి ఆగితే చాలు, స్టీరింగు మీదకి తల వాలిపోయేది. బీపీ కూడా ఉంది. విశాఖ వెళ్లి ఒక రాత్రంతా ల్యాబ్‌లో పడుకోవడం కుదరదని, ఇంటికే వచ్చి టెస్ట్ చేస్తామన్న ఒక ఏజెన్సీకి డబ్బు కట్టాడు.

సాయంత్రం ఒక కుర్రాడొచ్చి ముక్కుకి సన్న గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఎలా పెట్టుకోవాలో గబగబా చూపించి వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే వేలి క్లిప్పు ఊడిపోయి దుప్పట్లో ఉంది. మెషిన్ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు వదిన ఆ మాట చెప్పింది కూడా. “ఏం పర్లేదండి, రికార్డయిపోయుంటుంది” అన్నాడు.

రిపోర్టు మొదటి పేజీలో పెద్దక్షరాలతో ‘నార్మల్’, గంటకి 3.8 అని అంకె, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోవడం, సగంసగం ఆడటం గంటకి ఎన్నిసార్లో ఆ లెక్క. రెండో పేజీ అడుగున, కళ్లు చికిలిస్తే గానీ కనపడని అక్షరాల్లో అసలు సంగతి ఉంది. మొత్తం రికార్డింగ్ 7 గంటల 40 నిమిషాలు, అందులో ఆక్సిజన్ డేటా పనికొచ్చింది 1 గంట 50 నిమిషాలు. డాక్టరు సంతకం ఎక్కడా లేదు. మళ్లీ చేయమంటే “మెషిన్ ఇచ్చిందే మేం ఇచ్చాం, కావాలంటే ఇంకోసారి డబ్బు కట్టండి” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితాన్ని నమ్మి రాత్రిపూట బండి తోలే మనిషి గతేంటి?

క్లిప్పు ఊడితే ఏమవుతుందో విశాఖలో డాక్టరుగారు విడమరచి చెప్పారు. ఊపిరి పూర్తిగా ఆగకుండా సగంసగం ఆడే సందర్భాల్ని ఇంటి మెషిన్ లెక్కలోకి తీసుకోవాలంటే, అదే సమయంలో ఆక్సిజన్ 3 లేదా 4 శాతం పడినట్టు క్లిప్పు చూపించాలి. క్లిప్పే లేకపోతే అవన్నీ లెక్కలోంచి జారిపోతాయి. పైగా ఇంటి మెషిన్‌కి తలమీద వైర్లుండవు. మనిషి నిద్రపోయాడో మేలుకుని పక్కమీద దొర్లుతున్నాడో దానికి తెలీదు. మొత్తం రికార్డింగ్ సమయంతో భాగిస్తుంది కాబట్టి నిద్ర పట్టని గంటలు కూడా కలిసి అంకె ఇంకా తగ్గిపోతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 4 గంటల మంచి డేటా ఉండాలి. ఇంటి టెస్టులో ఏమీ తేలకపోయినా, నెగెటివ్ వచ్చినా ల్యాబ్‌లో పాలీసోమ్నోగ్రఫీ (రాత్రంతా వైర్లు పెట్టి చేసే పూర్తి నిద్ర పరీక్ష) చేయాలి. అంటే లక్షణాలున్న మనిషికి ఇంటి టెస్టులో వచ్చిన ‘నార్మల్’ చివరి మాట కాదు.

ల్యాబ్‌లో తలకి, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకి వైర్లు అతికించారు. ఏ వైరు ఊడినా టెక్నీషియన్ వచ్చి సరిచేశాడు. అక్కడ అంకె గంటకి 41. పెద్దవాళ్లలో 5 దాటితే జబ్బున్నట్టు, 30 దాటితే తీవ్రం. అన్నయ్య ఇప్పుడు సీపాప్ (నిద్రలో గొంతు మూసుకోకుండా మాస్కుతో గాలి పంపే మెషిన్) వాడుతున్నాడు.

ఇంటి టెస్టే మోసమని అనడం లేదు. గట్టి గురక, ఊపిరి ఆగడం, పగటి మత్తు ఉండి, వేరే పెద్ద జబ్బులు లేని పెద్దవాళ్లకి అది సరిపోతుంది, డాక్టరు రాస్తేనే సుమా. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, అసలు నిద్రే పట్టనివాళ్లు నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి. పిల్లలకి కూడా ల్యాబే. కొందరు ఒట్టి వేలి క్లిప్పు పెట్టి దాన్నే స్లీప్ టెస్ట్ అంటున్నారు, దానికి డబ్బు కట్టకండి.

డేటా 4 గంటలు రాకపోతే మళ్లీ ఉచితంగా చేస్తారా, రిపోర్టు చూసి సంతకం పెట్టే డాక్టరు ఎవరు, ఈ రెండూ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. ఇప్పటికే టెస్ట్ చేయించుకుని ‘నార్మల్’ వచ్చినా మత్తు తగ్గనివాళ్లుంటే, ఆ రిపోర్టు తీసి ఆక్సిజన్ డేటా ఎన్ని గంటలుందో చూడండి. డాక్టరుకి చూపించేదాకా రాత్రిపూట బండి తీయకండి.